అలాంటి పిల్ల ఇక్కడ లేదు

నారాయణరావు గారి తోట, రెడ్డిగూడెం
12 ఆగస్టు 2024

అనూషా,

ఆశీస్సులు చివర్లో రాస్తాను. ముందు అడగాల్సింది అడగనీ.

నువ్వు ఎక్కడున్నావు?

మొన్న శుక్రవారం నూజివీడు మామిడికాయల కొట్టు కిషోర్ బాబు గారు పనిమీద హైదరాబాదు వెళ్ళారు. ఎలాగూ షుగరు పరీక్ష చేయించుకోవాలి, మన రాఘవయ్య మేనకోడలు పనిచేసే ల్యాబు ఉందిగా అని వెతుక్కుంటూ అక్కడికే వెళ్ళారట. కౌంటర్లో నీ పేరు చెబితే, "అనూషా? జూన్‌లోనే మానేసిందండీ" అన్నారట. ఆయన తోటకొచ్చి నా కుడి చెవి దగ్గర అరిచి మరీ చెప్పారు. నేనే సరిగ్గా వినలేదేమోనని పలక ఇచ్చి రాయించుకున్నాను. జూన్ అనే రాశారు.

జూలైలో నువ్వు రాసిన ఉత్తరం నా ముందే ఉంది. "ల్యాబులో పని ఎక్కువగా ఉంది మావయ్యా, అందుకే కాయ కోతకి రాలేకపోయాను" అని రాశావు. ఏ ల్యాబులో?

మందు కొట్టే స్ప్రేయరు మోతకి నా చెవులు పోయాక ఫోను నాకు పనికిరాని వస్తువైపోయింది. గొంతు వింటే నువ్వు నిజం చెబుతున్నావో లేదో నాకు తెలిసిపోయేది. ఉత్తరంలో తెలీదు. ఆ సంగతి నీకూ బాగా తెలుసు.

ముసునూరులో డిగ్రీ చదివినవాడు ఒకడు కంప్యూటర్ ఉద్యోగమని ఏజెంటు మాట నమ్మి దేశం దాటిపోయాడు. అక్కడ బిల్డింగులో పెట్టి తాళం వేసి, మన దేశం వాళ్ళకి ఫోన్లు చేయించి మోసాలు చేయించారట. తిరిగొచ్చి మూడు వారాలైంది, ఇంకా ఎవరితోనూ మాట్లాడడంలేదు. ఆ ఇంటి ముందునుంచి వెళ్ళినప్పుడల్లా నువ్వే గుర్తొస్తున్నావు.

మీ అమ్మ పోయేనాటికి నీకు ఆరేళ్ళు. అప్పట్నుంచి నాతో అబద్ధం ఆడింది లేదు. ఇదే మొదటిదా, నాకు తెలిసినవాటిలో మొదటిదా?

వెంటనే రాయి. ఆశీస్సులు.

మావయ్య

*

హైదరాబాదు
17 ఆగస్టు 2024

మావయ్యా,

కిషోర్ బాబు గారి షుగరు సంగతేమో గానీ, నా సంగతి మాత్రం ఊరంతా తెలిసి ఉంటుంది.

నేను క్షేమం. అదే హాస్టల్, అదే గది. నర్సు లేయా నా పక్క మంచమే. ల్యాబులో జూన్ పదో తారీకున మానేశాను. నీకు అబద్ధం రాశాను, తప్పే. మానేశానని చెబితే "ఎందుకు?" అంటావు. చెబితే "వద్దు" అంటావు. నీ "వద్దు" విన్నాక నేను ఇంక చేయలేను. అందుకే.

ఎందుకంటే: మార్చిలో మా ల్యాబుకి ఒకేరోజు ఇద్దరు సీతమ్మలు వచ్చారు. ఇద్దరివీ అరవై పైబడిన వయసులే. ఒకావిడ రిపోర్టు ఇంకొకావిడకి వెళ్ళింది. ఆవిడ తనది కాని జబ్బుకి పదకొండు రోజులు మందులు మింగింది. తిట్లు తిన్నది కౌంటర్లో ఉన్న నేను. నా తప్పు కాదు మావయ్యా. కంప్యూటర్లో పేరు కొట్టగానే మొదట కనిపించిన సీతమ్మనే అది పట్టుకుంది. ఆ సాఫ్ట్‌వేర్ చూసే అతన్ని అడిగితే, "అది అంతేనండీ, మీరే జాగ్రత్తగా ఉండాలి" అన్నాడు. అది అంతే ఎందుకవ్వాలో నాకు అర్థం కాలేదు. ఆ రాత్రే లేయా దగ్గరున్న పాత ల్యాప్‌టాప్ అడిగి తీసుకున్నాను.

ఇప్పుడు ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నాను. కాలేజీ లేదు, కోచింగ్ లేదు. వీడియోలు చూసి, రాసి, తప్పులొస్తే దిద్దుకుంటూ. ఈ భాష పేరు పైథాన్. కొండచిలువ అని అర్థమట, నువ్వు నవ్వుతావని రాస్తున్నా. బెంగళూరులో ఫణి గారని ఒకాయన ఉన్నారు, నెట్‌లోనే పరిచయం, ఎప్పుడూ కలవలేదు. నేను రాసిన కోడ్ చూసి తప్పులు చెబుతారు. ఫీజేమీ తీసుకోరు.

దాచుకున్నదానితో జనవరి దాకా నెట్టుకొస్తాను. అప్పటికి చిన్న డెవలపర్ ఉద్యోగమైనా రాకపోతే మళ్ళీ ఏదో ఒక ల్యాబు కౌంటర్లో కూర్చుంటాను. ఒట్టు.

అనూష

*

రెడ్డిగూడెం
24 ఆగస్టు 2024

అనూషా, ఆశీస్సులు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. సీతమ్మల సంగతి నమ్మాను, అది అల్లి చెప్పే కథలా లేదు. మిగతాది నమ్మడం కష్టంగా ఉంది.

పంతులు లేని చదువేంటి? పరీక్ష లేని చదువుకి ఉద్యోగం ఎవడిస్తాడు? సరే, అది నాకు తెలియని లోకం అనుకుందాం. ఫణి అనేవాడి సంగతి మాత్రం నాకు తెలిసిన లోకమే. నిన్ను చూడలేదు, నువ్వు అతన్ని చూడలేదు. డబ్బు అడగడు. తన పని మానుకుని నీ తప్పులు దిద్దుతాడు. ఎందుకు? తోటలో పూత మీదున్నప్పుడే వచ్చి "మీ చెట్లు బంగారమండీ" అనే బేరగాళ్ళని ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను. ఏమీ అడగనివాడు ఆఖర్న ఏదో పెద్దదే అడుగుతాడు.

అతని ఊరు, ఇంటిపేరు, తండ్రి పేరు కనుక్కుని రాయి. పెళ్ళయిందో లేదో కూడా.

ఇంకొకటి. నువ్వు రాస్తున్నది నిజంగా ఉంటే కాగితం మీదకి తీసి పంపు. నాకు అర్థం కాకపోయినా ఫరవాలేదు. కళ్ళతో చూడాలి.

ఇక్కడ దున్నకం అయిపోయింది. పెద్దరసాల చెట్లకి ఎండుకొమ్మలు కొట్టిస్తున్నాం.

మావయ్య

*

హైదరాబాదు
21 సెప్టెంబరు 2024

మావయ్యా,

ఇంతకాలం ఎందుకు రాయలేదో నీకే తెలియాలి.

మొన్న ఎవరో హాస్టల్‌కి వచ్చి, నాలుగో నంబరు గదిలో అనూష కోసం మగవాళ్ళెవరైనా వస్తారా, ఎన్నింటికి బయటికెళ్తుంది, ఎన్నింటికి వస్తుంది అని వార్డెన్ని అడిగాడట. వార్డెన్ నన్ను పిలిచి అందరి ముందూ "ఏంటమ్మా నీ వ్యవహారం?" అంది. లేయా నా పక్కన నిలబడకపోతే గది ఖాళీ చేయమనేదే. వచ్చినవాడి చొక్కా జేబు మీద కిషోర్ బాబు గారి కొట్టు పేరు ఉందట.

నువ్వే పంపావు కదూ?

ఫణి గారి వివరాలు అడిగావు. సిగ్గు చంపుకుని ఆయన్నే అడిగాను. ఇంటిపేరు, ఊరు చెప్పలేదు. "నేను డిప్లొమా తప్పి ఇంట్లో కూర్చుంటే ఒకాయన ఇలాగే ఏడాదిపాటు నా తప్పులు దిద్దాడు, ఆయన్ని నేను ఇప్పటిదాకా చూడలేదు. మీ మావయ్య అడగడంలో తప్పేం లేదు, అడిగారని కోప్పడకండి" అని రాశారు. నేను కోప్పడ్డాను.

కాగితాలు పంపుతున్నాను, చూసుకో. ఒకే పేరున్న ఇద్దరు పేషంట్లు వస్తే ఆగి, "ఈవిడా, ఆవిడా?" అని అడిగే ప్రోగ్రామ్ అది. పేరు కలిస్తే తండ్రి పేరు అడుగుతుంది, అదీ కలిస్తే పుట్టినతేదీ. పక్కన ఏ భాగం ఏం చేస్తుందో తెలుగులో రాశాను.

అరవై నాలుగు చోట్ల అప్లై చేశాను. రెండు ఫోన్లు వచ్చాయి. ఒకచోట పరీక్షలో తప్పాను. ఇంకోచోట "ఇంజనీరింగ్ కాదా?" అని ఫోన్ పెట్టేశారు. ఇవన్నీ నీకు ఎప్పటికప్పుడు చెబుదామనుకున్నాను. ఇక చెప్పను. ఏదైనా తేలాకే రాస్తాను.

అనూష

*

రెడ్డిగూడెం
2 అక్టోబరు 2024

అనూషా,

పంపింది నేనే. కాదనను. లారీతో వెళ్తున్నవాడిని కిషోర్ బాబు గారితో చెప్పించి ఒకసారి చూసి రమ్మన్నాను. అలా అందరి ముందూ అడుగుతాడనుకోలేదు. నువ్వు క్షేమంగా ఉన్నావని వాడు చెప్పాక నాలుగు రోజులు కడుపునిండా తిన్నాను. అందుకని తప్పు ఒప్పవదు, తెలుసు.

కాగితాలు చదివాను. ఇంగ్లీషు ముక్కలు వదిలేసి నువ్వు పక్కన రాసినవి చదివాను. ఒక అనుమానం. పేరు కలిస్తే తండ్రి పేరు అడుగుతుందన్నావు. తండ్రి పేరు చెప్పలేనివాళ్ళు, చెప్పడం ఇష్టం లేనివాళ్ళు ఏం చేస్తారు? బడిలో చేర్పించేటప్పుడు ఆ గడి దగ్గర మేష్టారు కలం ఆపితే నువ్వు నా వేలు పట్టుకుని లాగావు, ఇంటికి పోదామని. నీకు గుర్తుందో లేదో.

నీ మిషను ఇంకో పిల్లని అలా నిలబెట్టకుండా చూడు.

మావయ్య

*

హైదరాబాదు
14 నవంబరు 2024

మావయ్యా,

నాకు గుర్తులేదు. నువ్వు రాశాకే తెలిసింది.

ఆ గడి తీసేశాను. ఇప్పుడు ముందు పుట్టినతేదీ, తర్వాత ఫోను నంబరు అడుగుతుంది. ఫణి గారు చూసి, "ఈ మార్పు ఎవరు చెప్పారు?" అన్నారు. మా తోట కాపలాదారు అని చెప్పాను.

ఇంకొక సంగతుంది. తేలాక చెబుతానన్నాను కాబట్టి ఇప్పుడు చెప్పను. ఇంకో నెల. చెడ్డది కాదు.

ఆరోగ్యం చూసుకో. మందు కొట్టేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకో.

అనూష

*

రెడ్డిగూడెం
28 నవంబరు 2024

అనూషా,

ఇది చదవగానే హాస్టల్ మారిపో. లేయా వాళ్ళ చుట్టాలెవరైనా ఉంటే అక్కడికి వెళ్ళు.

మంగళవారం పొద్దున్న బండి మీద ఒకడు తోటకి వచ్చాడు. నల్ల బ్యాగు, మెడలో ఏదో బిళ్ళ. ఫోనులో నీ ఫొటో, నీ ఆధార్ కాగితం! నా పేరూ మన ఊరూ అన్నీ వాడి దగ్గరున్నాయి. అరిచి అరిచి ఏదో అడిగాడు, నాకు ఒక్క ముక్క వినపడలేదు. నిన్ను చూపిస్తూ చెయ్యి ఊపి అడుగుతున్నాడు. అంతా అర్థమైంది. ముసునూరు వాడి ఇంటికి కూడా ముందు ఇలాగే ఒకడు వచ్చి వివరాలు రాసుకెళ్ళాడట.

"అలాంటి పిల్ల ఇక్కడ లేదు. నేను ఒంటిగాణ్ణి. నువ్వు తోట తప్పి వచ్చావు" అన్నాను. రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ అదే చెప్పాను. పాకకి ఫొటో తీసుకుని వెళ్ళిపోయాడు. బండి కనుమరుగయ్యేదాకా గేటు దగ్గరే నిలబడ్డాను.

నువ్వు చెప్పనన్న సంగతి ఇదేనా? ఎవరికి ఇచ్చావు నీ కాగితాలు? ఇప్పటికైనా నిజం రాయి.

మావయ్య

*

హైదరాబాదు
3 డిసెంబరు 2024

మావయ్యా,

నేను చెప్పనన్న సంగతి ఇది: అక్టోబరు ఆఖర్న ఒక కంపెనీలో మూడుసార్లు ఇంటర్వ్యూ చేశారు. సీతమ్మల ప్రోగ్రామ్ చూపించాను. తండ్రి పేరు గడి ఎందుకు తీసేశానని అడిగి, చాలాసేపు దాని గురించే మాట్లాడారు. జూనియర్ డెవలపర్ ఉద్యోగం ఇచ్చారు. డిసెంబరు పదహారున చేరాలి. చేరేముందు, నేనిచ్చిన సొంత ఊరి చిరునామా నిజమో కాదో చూడ్డానికి ఒక మనిషిని పంపారు.

ఆ మనిషే నీ దగ్గరికి వచ్చాడు.

నిన్న మెయిల్ వచ్చింది. "మీరిచ్చిన చిరునామాలో అలాంటి వ్యక్తి లేరని ఇంటివారే తెలిపారు. మీ నియామకం ఆపుతున్నాము." ఇంటివారే, మావయ్యా.

నీకు వినపడలేదన్నావు. మరి పలక ఏమైంది? కిషోర్ బాబు గారి చేత రాయించావు. పోస్టుమాన్ చేత రాయిస్తావు. ఎరువుల కొట్టువాడి చేత రాయిస్తావు. అతని చేత ఎందుకు రాయించలేదు? ఈ ప్రశ్న నిన్నటినుంచి నా తలలో తిరుగుతోంది. నాకొచ్చిన అనుమానం రాయడానికి కూడా భయంగా ఉంది.

ఆరు నెలలు. రోజుకి పన్నెండు గంటలు. నాకున్నది ఒకే ఒక్క మనిషి. ఆ మనిషే నేను లేనన్నాడు.

జవాబు రాయకు.

అనూష

*

రెడ్డిగూడెం
14 డిసెంబరు 2024

అనూషా,

రాయొద్దన్నావు. అయినా ఇది రాయకపోతే ఇంక ఎప్పటికీ రాయలేను.

నీ అనుమానం నిజం. పలక ఇచ్చాను. అతను "ఉద్యోగం. చిరునామా సరిచూడాలి" అని శుభ్రంగా రాశాడు. చదివాను. చదివాకే లేదన్నాను. నీకు రాసిన ఉత్తరంలో ఆ ముక్క దాచాను.

చదివినా నమ్మలేదని రాసి తప్పించుకోవచ్చు. సగం నమ్మలేదు, అది నిజమే. సగం నమ్మాను. నమ్మిన సగమే నా చేత ఆ మాట అనిపించింది. నాతో చెప్పకుండా ల్యాబు మానేశావు, నాతో చెప్పకుండా ఇంత సాధించావు. ఇది కూడా వచ్చేస్తే ఇక నాతో చెప్పాల్సిన అవసరం నీకు ఏముంటుంది? గేటు దగ్గర నిలబడి అదే అనుకున్నాను. నిన్ను కాపాడాననుకోవడం తేలిక కదా, అదీ అనుకున్నాను.

నీ ఉత్తరం రాగానే ఆ మనిషి కోసం తిరిగాను. బాపులపాడు దగ్గర దొరికాడు. పంపేసిన రిపోర్టు తను మార్చలేనని, కంపెనీవాళ్ళు మళ్ళీ అడిగితేనే రాగలనని రాసి చూపించాడు. కంపెనీ చిరునామా అతని దగ్గరే తీసుకున్నాను.

బుధవారం హైదరాబాదు వచ్చాను. నీ రేషన్ కార్డు పేజీ, టెన్త్ సర్టిఫికెట్ నకలు, చిన్నప్పటి ఫొటో పట్టుకుని వచ్చాను. మీ కంపెనీ లోపలికెళ్ళేముందు ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర గంటసేపు కూర్చుని చూశాను. ఆడపిల్లలు నవ్వుకుంటూ లోపలికి వెళ్తున్నారు, బయటికి వస్తున్నారు. తలుపులకి బయట తాళం లేదు. అప్పుడు వెళ్ళాను. "నాకు చెవులు వినపడవు, రాసి మాట్లాడండి" అని కాగితం చూపిస్తే సెక్యూరిటీ అతను కూర్చోబెట్టాడు. మాధురి గారని ఒకావిడ కిందికి వచ్చారు. మేం రాసుకున్న కాగితం నాకిచ్చేశారు. అందులోది ఉన్నదున్నట్టు దించుతున్నాను.

"అనూష మీకు ఏమవుతుంది?"

"మేనకోడలు. పెంచింది నేను."

"మరి లేదని ఎందుకు చెప్పారు?"

"మీరెవరో నాకు తెలీదు."

"ఇప్పుడు తెలిసిందా?"

"ఇప్పుడూ తెలీదండీ. కానీ అబద్ధం ఆడింది నేను. ఆ పిల్ల కాదు. శిక్ష ఆ పిల్లకి వేయకండి."

ఆవిడ పై వాళ్ళని అడుగుతానని, మాట ఇవ్వలేనని రాశారు. మంచినీళ్ళు ఇప్పించారు.

తర్వాత నీ హాస్టల్ వీధి దాకా వచ్చాను. మేడ మీద నీ పచ్చ చున్నీ ఆరేసి ఉంది. పైకి రావడానికి మొహం చెల్లక బస్టాండుకి వెళ్ళిపోయాను.

క్షమించమని అడగను. జరిగింది తెలియాలని రాశాను.

రాఘవయ్య

*

హైదరాబాదు
23 డిసెంబరు 2024

మావయ్యా,

ఆ ఉత్తరం చదివి లేయాకి ఇచ్చాను. తను చదివి, "కోప్పడు, కానీ జవాబు రాయి" అంది.

మాధురి గారు ఫోన్ చేశారు. నేను ల్యాబు ఎప్పుడు మానేశానో, మధ్యలో ఏం చేశానో అన్నీ మళ్ళీ అడిగారు. అన్నీ ఉన్నదున్నట్టు చెప్పాను. డిసెంబరులో నా చోటు వేరే అమ్మాయికి ఇచ్చేశారు. జనవరి ఇరవైన ఇంకొక బ్యాచ్ ఉంది. మళ్ళీ మనిషి వచ్చి చూసి, బాగుందంటే అందులో తీసుకుంటారట.

జనవరి మొదటి వారంలో వస్తాడు. ఏం చెప్పాలో నేను నీకు రాయను. నేర్పించిన మాటలు నాకొద్దు.

కోపం పోలేదు. నీ ఉత్తరంలో ఏ మాట నమ్మాలో ప్రతిసారీ ఆగి ఆలోచిస్తున్నాను. ఇలా ఆలోచించడం నాకు కొత్త. నీకు ఆగస్టు నుంచి ఇలాగే ఉండి ఉంటుందని ఇప్పుడు తెలుస్తోంది.

వీధి దాకా వచ్చి వెళ్ళిపోకుండా ఉండాల్సింది.

అనూష

*

రెడ్డిగూడెం
4 జనవరి 2025

అనూషా, ఆశీస్సులు.

నిన్న వచ్చాడు. పాత మనిషి కాదు, వేరే ఆయన. ముందు ఆయన గుర్తింపు కార్డు అడిగి, అది ఇంగ్లీషులో ఉంటే, పూత చూడ్డానికి తోటకొచ్చిన కిషోర్ బాబు గారి చేత తెలుగులో రాయించుకున్నాను. అలవాటు, ఏం చేయను. తెలిసినవాళ్ళ సాక్ష్యం కావాలంటే కిషోర్ బాబు గారే సంతకం పెట్టారు.

పలక మీద వరసగా అడిగాడు. ఎన్నేళ్ళుగా ఇక్కడుంది? ఆరో ఏటి నుంచి. మీకేమవుతుంది? మేనకోడలు. ఎలాంటి అమ్మాయి?

"మొండిది. తప్పు కనపడితే దిద్దేదాకా వదలదు. నాతో ఒక్కసారి అబద్ధం ఆడింది, అడగ్గానే ఒప్పుకుంది. నేను ఆడింది ఒప్పుకోడానికి ఇంకా ఎక్కువ రోజులు పట్టింది" అన్నాను.

ఆయన అంతా విని, "సంతృప్తికరం" అని ఒక్క మాట రాసుకున్నాడు. నేను అంత చెబితే అదేనా అన్నాను. గడి అంతే ఉందండీ అని చూపించాడు. నిజమే, చిన్న గడి.

గుమ్మం ముందు నన్ను నిలబెట్టి ఫొటో తీశాడు.

బంగినపల్లికి పూత బాగా దిగింది. నల్లతామర పురుగు కూడా దిగింది. ఈసారి మందు వేరేవాళ్ళ చేత కొట్టిస్తానన్నారు నారాయణరావు గారు.

మావయ్య

*

హైదరాబాదు
29 జనవరి 2025

మావయ్యా,

చేరి తొమ్మిది రోజులైంది. మెడలో కార్డు ఉంది, అందులో నా ఫొటో దొంగలా ఉంది. మా టీమ్‌లో ఆరుగురం. మొదటి పనిగా ఒక చిన్న తప్పు దిద్దమన్నారు. దిద్ది పంపితే నాలుగుసార్లు వెనక్కి పంపారు. ఐదోసారి తీసుకున్నారు. సాయంత్రం బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చాను. సంతోషమే. ఫణి గారికి చెబితే, "ఇక మీ తప్పులు దిద్దడానికి జీతమిచ్చేవాళ్ళున్నారు, నేను ఇంకొకరిని చూసుకుంటాను" అన్నారు. ఏమీ అడగలేదు మావయ్యా. ఆఖర్న కూడా.

మొదటిరోజు ఒక ఫారం ఇచ్చారు. నాకేమైనా అయితే ఎవరికి కబురు చేయాలని అందులో ఉంది. ఆ గడి దగ్గర చాలాసేపు ఆగాను. అబద్ధం రాయను, వేరే పేరు కూడా తలచుకున్నాను. ఆఖరికి నీ పేరే రాశాను. ఫోను నంబరు దగ్గర "ఫోను చేస్తే వినపడదు, మనిషిని పంపండి" అని రాశాను. మాధురి గారు చూసి అలాగే ఉంచమన్నారు.

శనివారం పొద్దున్న బస్సుకి వస్తున్నాను. నిన్ను అడగాల్సినవి ఇంకా ఉన్నాయి, కాగితం మీద అడిగేవి కావు. కుడి చెవిలో ఇంకా కాస్త వినపడుతుందిగా. ఆ పక్కనే కూర్చుంటాను.

అనూష